రైళ్లు ఢీకొనకుండా కాపాడే సిగ్నలింగ్, వేగ నియంత్రణ వ్యవస్థలు: లింగంపల్లి – వికారాబాద్ లైను ఉదాహరణగా

నిర్వచనం, పరిధి

ఒక రైలు ఎక్కడిదాకా పోవచ్చో, ఎంత వేగంతో పోవచ్చో లోకో పైలట్‌కు తెలియజేస్తూ, అదే దారిలోకి మరో రైలు రాకుండా అడ్డుకునే ఏర్పాట్లన్నిటినీ కలిపి రైలు సిగ్నలింగ్ అంటారు. లోకో పైలట్ ఆ ఆదేశాన్ని గమనించకపోయినా, గమనించి పాటించలేకపోయినా యంత్రమే బ్రేకు వేసి వేగాన్ని తగ్గించే ఏర్పాటు వేగ నియంత్రణ. దీన్నే ఆటోమేటిక్ రైలు రక్షణ అని కూడా అంటారు. సిగ్నలింగ్ చాలా వరకు నేల మీద, అంటే స్టేషన్లలోనూ పట్టాల వెంబడీ ఉంటుంది. వేగ నియంత్రణలో సగం ఇంజన్ లోపల ఉంటుంది.

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని కర్దనూర్‌కు దక్షిణంగా లింగంపల్లి నుంచి శంకర్‌పల్లి, వికారాబాద్ మీదుగా వాడి వెళ్లే రైలు మార్గం ఉంది. భారతీయ రైల్వే సొంత వేగ నియంత్రణ వ్యవస్థ అయిన కవచ్‌ను తొలుత పరీక్షించి స్థిరపరచింది ఈ మార్గం మీదే. ఆ వ్యవస్థను తయారు చేసిన తొలి మూడు సంస్థలూ హైదరాబాద్‌వే. అందుకని ఈ వ్యాసం సాధారణ సూత్రాలను వివరించేటప్పుడు వీలైనంత వరకు ఈ లైనునే ఉదాహరణగా తీసుకుంటుంది.

ఆగే దూరం

రోడ్డు మీద బస్సు డ్రైవరు ఎదుటి బండిని చూసి ఆపగలడు. రైలు విషయంలో అది కుదరదు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. చక్రం దొర్లడానికి నిరోధం కూడా చాలా తక్కువ కాబట్టి వేల టన్నుల గూడ్సును ఒకటి రెండు ఇంజన్లు లాగగలుగుతున్నాయి, కానీ పట్టు తక్కువ కావడం వల్ల దాన్ని త్వరగా ఆపడం సాధ్యం కాదు.

గంటకు 130 కి.మీ. వేగం అంటే సెకనుకు 36 మీటర్లు. బ్రేకు వేశాక వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 0.6 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, రైలు నిలిచే సరికి దాదాపు 1,090 మీటర్లు పోతుంది. వేగం సగమై 65 కి.మీ. ఉంటే 270 మీటర్లు చాలు. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది. వంపులోనో, రాత్రి వేళో, మంచులోనో కిలోమీటరు అవతల ఉన్న రైలు లోకో పైలట్‌కు కనబడదు. కనబడేసరికి ఆపే దూరం మిగలదు. కాబట్టి ముందున్న దారి ఖాళీగా ఉందో లేదో కంటితో చూడక్కరలేకుండా, చాలా ముందుగానే ఆయనకు తెలియాలి. సిగ్నలింగ్ శాస్త్రం అంతా ఈ ఒక్క అవసరం నుంచి పుట్టింది.

చరిత్ర

తొలినాళ్లలో రైళ్లను కాలవ్యవధితో వేరు చేసేవారు. ఒక రైలు బయలుదేరిన కొన్ని నిమిషాలకు రెండోదాన్ని వదిలేవారు. ముందు రైలు దారిలో ఆగిపోతే వెనుక రైలుకు తెలిసే మార్గం లేదు. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర ఎత్తు ఎక్కలేక ఆగిన విహారయాత్ర రైలును రెండుగా విడదీయగా, వెనుక పెట్టెలు కిందికి జారి, తర్వాత వస్తున్న రైలును ఢీకొన్నాయి. దాదాపు 80 మంది చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. అదే ఏడాది బ్రిటన్ చట్టం చేసి బ్లాక్ పద్ధతి, ఇంటర్‌లాకింగ్, రైలు పొడవునా పనిచేసే బ్రేకు అనే మూడింటినీ ప్రయాణికుల రైళ్లకు తప్పనిసరి చేసింది. నేటికీ రైలు భద్రతకు ఆధారం ఈ మూడే.

సాంకేతికత అంతకు ముందే సిద్ధంగా ఉంది. జాన్ సాక్స్‌బీ 1856లో పాయింట్లనూ సిగ్నళ్లనూ ముడిపెట్టే ఏర్పాటుకు పేటెంటు పొందాడు. అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో ట్రాక్ సర్క్యూట్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఉన్న పనిముట్టును వాడుకలోకి తేవడానికి ఒక ఘోర ప్రమాదం అవసరం కావడం రైల్వే చరిత్రలో పదే పదే కనిపిస్తుంది.

హైదరాబాద్ రాజ్యంలో 1874లో నిజాం ప్రభుత్వ పెట్టుబడితో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం వచ్చింది. లింగంపల్లి – వికారాబాద్ భాగం దానిలోనిదే. భారతదేశంలో ఇంటర్‌లాకింగ్ 1890లలో లాహోర్ – ఘజియాబాద్ మార్గంలోని స్టేషన్లతో మొదలైంది. చెయ్యి ఆకారపు సెమాఫోర్ సిగ్నళ్లు మన ప్రాంతంలో గత శతాబ్దం చివరి దశాబ్దాల దాకా నిలిచాయి. చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి, వాలితే పోవచ్చు. తర్వాత వాటి స్థానంలో రంగు దీపాలు వచ్చాయి. సిగ్నల్, టెలికమ్యూనికేషన్ సిబ్బందికి శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ ఇరిసెట్ 1957 నవంబరు 24న సికింద్రాబాద్‌లో ప్రారంభమైంది. దేశంలోని సిగ్నల్ ఇంజినీర్లు చాలామంది అక్కడ చదివి వెళ్లినవారే.

బ్లాక్ పద్ధతి

రెండు స్టేషన్ల మధ్య దూరాన్ని ఒక బ్లాక్ సెక్షన్‌గా భావించి, అందులో ఒకసారి ఒక రైలునే అనుమతించడం సంపూర్ణ బ్లాక్ పద్ధతి. రైలును పంపే స్టేషన్ మాస్టర్ ముందు స్టేషన్ మాస్టర్‌ను లైన్ క్లియర్ అడగాలి. అంతకు ముందు వెళ్లిన రైలు మొత్తంగా చేరిందని, అంటే చివరి పెట్టె కూడా వచ్చిందని రూఢి చేసుకున్నాకే ఆయన ఇస్తాడు. చివరి పెట్టె వెనుక ఉండే గుర్తును, రాత్రి ఎర్ర దీపాన్ని స్టేషన్ సిబ్బంది గమనించేది ఇందుకే. సింగిల్ లైను మీద లోకో పైలట్ చేతికి టోకెన్ ఇచ్చే ఏర్పాటు ఉండేది. ఒక సెక్షన్‌కు రెండు చివర్లా ఉన్న యంత్రాలు విద్యుత్తుతో ముడిపడి, ఒకేసారి ఒక్క టోకెనే బయటికి వచ్చేలా చూసేవి. టోకెన్ లేని రైలు సెక్షన్‌లో కాలు పెట్టరాదు.

రైళ్ల రద్దీ పెరిగిన చోట ఇది చాలదు. అప్పుడు సెక్షన్‌ను దాదాపు కిలోమీటరు చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో ఆటోమేటిక్ సిగ్నల్ పెడతారు. రైలు ముక్కలోకి అడుగుపెట్టగానే వెనుక సిగ్నల్ ఎర్రబడుతుంది. ముందుకు సాగే కొద్దీ పసుపు, జంట పసుపు, ఆకుపచ్చగా మారుతుంది. స్టేషన్ మాస్టర్ ప్రమేయం ఉండదు. ఈ సిగ్నల్ స్తంభం మీద ఇంగ్లిష్ ‘A’ అక్షరపు పలక ఉంటుంది. అది ఎర్రగా ఉంటే లోకో పైలట్ ఆగాలి. పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు వేచి, తర్వాత ఎప్పుడైనా ఆపగలిగేంత తక్కువ వేగంతో ముందుకు పోవచ్చు. సిగ్నల్ చెడిపోతే రైళ్లన్నీ ఆగిపోకుండా ఈ సడలింపు ఇచ్చారు. మొత్తం పద్ధతిలో మనిషి జాగ్రత్త మీద అత్యధికంగా ఆధారపడే చోటు కూడా ఇదే (చూ. తెలుగు ప్రాంతంలో జరిగిన ఢీలు).

రైలు ఉనికిని కనిపెట్టడం

దారి ఖాళీగా ఉందని చెప్పడానికి ముందు అది నిజమో కాదో తెలియాలి. ఇందుకు రెండు సాధనాలున్నాయి.

ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాల ముక్కను ఇరువైపులా విద్యుత్ బంధకపు అతుకులతో వేరు చేస్తారు. ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే ఉంటాయి. ముక్క ఖాళీగా ఉంటే కరెంటు ఒక పట్టా మీదుగా పోయి, రిలేను ఎత్తిపట్టి, రెండో పట్టా మీదుగా తిరిగి వస్తుంది. రైలు వస్తే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు అక్కడికక్కడే తిరిగిపోతుంది, రిలే కింద పడుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. ఈ అమరికలోని గొప్పదనం చెడిపోయినప్పుడు తెలుస్తుంది. బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, పట్టా విరిగినా రిలే పడిపోతుంది. లోపం ఏదైనా ఫలితం ఎరుపే. దీన్నే ఫెయిల్ సేఫ్ సూత్రం అంటారు. వానాకాలంలో కంకర నీటితో నానినప్పుడు కరెంటు అందులోంచి కారి, రైలు లేకున్నా ఎరుపు రావడం మామూలు. రైళ్లు ఆలస్యమవుతాయి తప్ప ప్రమాదం ఉండదు. తుప్పు పట్టిన పట్టాల మీద తేలికపాటి బండి నిలిచినప్పుడు కరెంటు సరిగ్గా కలవకపోవడం మాత్రం ప్రమాదకరమైన లోపం. వాడకం తక్కువగా ఉన్న లైన్లలో సిగ్నల్ సిబ్బంది దీని మీద కన్నేసి ఉంచుతారు.

యాక్సిల్ కౌంటర్ ముక్కలోకి ఎన్ని ఇరుసులు వచ్చాయో, ఎన్ని బయటికి పోయాయో లెక్కిస్తుంది. రెండూ సరిపోతేనే ఖాళీ. వానకూ కంకరకూ దీనికి సంబంధం లేదు. లెక్క తప్పితే ముక్క ఆక్రమణలోనే ఉన్నట్టు చూపుతుంది. దాన్ని మళ్లీ సున్నాకు తేవాలంటే ముక్క నిజంగా ఖాళీ అని బాధ్యుడైన ఉద్యోగి నిర్ధారించాలి. ఆ నిర్ధారణలో తొందర పనికిరాదు.

ఇంటర్‌లాకింగ్

రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే కదిలే పట్టాల జోడును పాయింట్ అంటారు. స్టేషన్‌లో పాయింట్లు, సిగ్నళ్లు, లెవెల్ క్రాసింగ్ గేట్లు ఒకదానితో ఒకటి విభేదించకుండా కట్టిపడేసే తర్కమే ఇంటర్‌లాకింగ్. దీని నియమాలు చెప్పడానికి సులువు. దారిలోని ప్రతి పాయింటూ సరైన వైపు పడి, తాళం పడ్డాకే సిగ్నల్ రావాలి. ఒక దారికి సిగ్నల్ ఇచ్చాక దానికి అడ్డొచ్చే మరే దారికీ సిగ్నల్ రాకూడదు. సిగ్నల్ ఉన్నంతసేపూ పాయింట్ కదలకూడదు. రైలు పాయింట్ మీద ఉండగా ఎవరు మీట నొక్కినా అది మారకూడదు.

అమలు చేయడమే కష్టం. పాయింట్‌లో కదిలే నాలుక పట్టా పక్కనున్న స్థిర పట్టాకు పూర్తిగా అతుక్కోవాలి. మధ్యలో చిన్న కంకర రాయి ఇరుక్కున్నా చక్రం అంచు ఆ సందులోకి దూరి రైలు పట్టాలు తప్పవచ్చు. అందుకే సిబ్బంది నిర్ణీత వ్యవధుల్లో నాలుక పట్టాకూ స్థిర పట్టాకూ మధ్య 5 మి.మీ. మందం ఉన్న ఉక్కు ముక్కను పెట్టి పాయింట్ మోటారును తిప్పి చూస్తారు. అప్పుడు తాళం పడకూడదు, పాయింట్ సరిగా పడినట్టు ప్యానెల్‌కు సూచన అందకూడదు, సిగ్నల్ రాకూడదు. వచ్చిందంటే ఆ పాయింట్‌ను సరిచేసేదాకా వాడరు. చిటికెన వేలి మందం కూడా లేని ఆ ఉక్కు ముక్క మీద వేలమంది ప్రయాణికుల క్షేమం ఆధారపడి ఉంటుంది.

మొదట ఈ తర్కం ఉక్కు కడ్డీల్లో ఉండేది. క్యాబిన్‌లో ఒక లీవరు లాగితే మరికొన్ని లీవర్లు కదలకుండా బిగుసుకుపోయేవి. తర్వాత రిలేల గదులు వచ్చాయి, ఆపైన కంప్యూటర్లు వచ్చాయి. నేటి ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌లో ఒకే లెక్కను ఒకటికి మించిన ప్రాసెసర్లు విడివిడిగా వేస్తాయి. జవాబులు కలవకపోతే వ్యవస్థ సిగ్నళ్లను ఎరుపుకు తెస్తుంది.

మరమ్మతు సమయం ఇంటర్‌లాకింగ్‌కు బలహీన సమయం. సిబ్బంది పరికరాన్ని విప్పే ముందు స్టేషన్ మాస్టర్‌కు డిస్‌కనెక్షన్ నోటీసు ఇచ్చి, పని అయ్యాక పరీక్షలన్నీ చేసి, రీకనెక్షన్ రాసి ఇవ్వాలి. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బాహానగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను సిగ్నల్ ఉండగా, పాయింట్ మాత్రం గూడ్సు నిలిచి ఉన్న పక్క లైను (లూప్ లైను) వైపు పడి ఉంది. 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ సర్క్యూట్‌లో అంతకుముందు చేసిన మార్పులోనూ, లెవెల్ క్రాసింగ్ గేటు పరికరం మార్చే పనిలోనూ జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. లోపం ఎప్పుడూ ఎరుపు వైపే మొగ్గాలన్న సూత్రం తీగల కలపడంలో తప్పు జరిగితే పనిచేయదని ఆ దుర్ఘటన చూపింది.

సిగ్నళ్లు, అదనపు దూరం

రంగు దీపాల పద్ధతిలో ఎరుపు అంటే ఆగాలి. పసుపు అంటే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధం కావాలి. జంట పసుపు అంటే తర్వాతి సిగ్నల్‌ను తగ్గించిన వేగంతో దాటడానికి సిద్ధం కావాలి. ఆకుపచ్చ అంటే పూర్తి వేగంతో పోవచ్చు. స్టేషన్‌కు ముందు డిస్టెంట్, తర్వాత హోమ్, ప్లాట్‌ఫారం చివర స్టార్టర్, చివరగా అడ్వాన్స్‌డ్ స్టార్టర్ వరుసగా ఉంటాయి. రైలు ఆగాల్సిన సిగ్నల్‌ను దాటాక కూడా కొంత దూరం ఖాళీగా ఉంటేనే దాన్ని లోపలికి అనుమతిస్తారు. రంగు దీపాల స్టేషన్లలో, ఆగాల్సిన సిగ్నల్ అవతల సాధారణంగా 120 మీటర్లు ఇలా వదులుతారు. దీన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. బ్రేకు అంచనా కొద్దిగా తప్పినా ముప్పు రాకుండా ఉంచిన దూరం ఇది.

మనిషిని యంత్రంతో జోడించడం

ఇంతవరకు చెప్పిన వాటన్నిటిలోనూ ఒక ఖాళీ ఉంది. సిగ్నల్ ఎరుపు చూపగలదు, రైలును ఆపలేదు. ఎర్ర సిగ్నల్‌ను దాటిపోవడాన్ని రైల్వే వాళ్లు స్పాడ్ అంటారు. అలసట, నిద్రలేమి, పక్క లైను సిగ్నల్‌ను తమదిగా పొరబడటం, పొగమంచు దీనికి తరచూ కారణాలు.

ఈ ఖాళీని పూడ్చడానికి క్రమంగా పలు పరికరాలు వచ్చాయి. ఇంజన్‌లోని విజిలెన్స్ పరికరం లోకో పైలట్ నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే దీపం వెలిగించి, తర్వాత శబ్దం చేసి, అప్పటికీ స్పందన లేకపోతే బ్రేకు వేస్తుంది. ఆయన మెలకువగా ఉన్నాడని మాత్రమే ఇది చెప్పగలదు. సిగ్నల్ ఏ రంగులో ఉందో దీనికి తెలియదు. ముంబై లోకల్ లైన్లలో సిగ్నల్ సమాచారాన్ని బండిలోకి పంపే ఆగ్జిలరీ వార్నింగ్ సిస్టమ్ పెట్టారు. చెన్నై – గుమ్మిడిపూండి, ఢిల్లీ – ఆగ్రా మార్గాల్లో ఐరోపా ప్రమాణాల మేరకు రైలు రక్షణ, హెచ్చరిక వ్యవస్థ వచ్చింది. కొంకణ్ రైల్వే ఉపగ్రహ స్థాన సమాచారంతో పనిచేసే యాంటీ కొలిజన్ డివైస్‌ను రూపొందించింది. హైదరాబాద్‌లోని కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్ దాని తయారీలో పాలుపంచుకుంది. ఉపగ్రహ సమాచారంతో రైలు ఎక్కడుందో చెప్పవచ్చు, కొద్ది మీటర్ల ఎడంతో పక్కపక్కన ఉన్న లైన్లలో అది కచ్చితంగా దేని మీద ఉందో నమ్మకంగా చెప్పడం కష్టం. తర్వాత వచ్చిన కవచ్‌లో పట్టాల మధ్యే గుర్తులు పెట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం. 2012లో అనిల్ కకోద్కర్ అధ్యక్షతన పనిచేసిన ఉన్నతస్థాయి భద్రతా సమీక్ష సంఘం 19,000 కి.మీ. ప్రధాన మార్గాల్లో ఆధునిక సిగ్నలింగ్‌ను సిఫారసు చేసింది.

కవచ్

పుట్టుక. లక్నోలోని పరిశోధన, రూపకల్పన, ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌ఓ భారతీయ పరిశ్రమతో కలిసి 2012 ప్రాంతంలో ట్రైన్ కొలిజన్ అవాయిడెన్స్ సిస్టమ్ పేరుతో ఈ పని మొదలుపెట్టింది. దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి – వికారాబాద్ – వాడి, వికారాబాద్ – బీదర్ మార్గాలను పరీక్షలకు ఎంచుకున్నారు. ప్రయాణికుల రైళ్లపై పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. అనుభవాన్ని బట్టి ప్రమాణాలను సవరించాక మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్ పవర్ సిస్టమ్స్, కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్ సంస్థలకు సరఫరా ఆమోదం దక్కింది. 2020 జులైలో దీన్ని జాతీయ ఆటోమేటిక్ రైలు రక్షణ వ్యవస్థగా స్వీకరించారు. భద్రతా ప్రమాణాల్లో అత్యున్నతమైన ఎస్‌ఐఎల్ 4 స్థాయికి దీన్ని రూపొందించారు.

పరీక్షల లైనుకూ పరిశ్రమకూ మధ్య దూరం తక్కువ కావడం ఈ పనికి కలిసొచ్చింది. రైలులో బయటపడిన లోపాన్ని ఇంజినీరు అదే నగరంలోని తన ప్రయోగశాలకు తీసుకుపోయి సరిచేయగలిగాడు. పటాన్‌చెరు, రామచంద్రాపురం, పాశమైలారం పట్టీలో విద్యుత్, యంత్ర పరికరాల తయారీ దశాబ్దాలుగా ఉంది. మేధా సంస్థ రైలు పెట్టెల కర్మాగారం 2023 జూన్‌లో శంకర్‌పల్లి మండలం కొండకల్‌లో, ఈ లైను పొరుగునే ప్రారంభమైంది.

పనితీరు. స్లీపర్ల మీద ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బిగిస్తారు. స్టేషన్ల మధ్య దాదాపు కిలోమీటరుకొకటి, సిగ్నళ్ల దగ్గరా స్టేషన్ యార్డుల్లోనూ మరిన్ని ఉంటాయి. ఇంజన్ అడుగున ఉన్న రీడరు ట్యాగును చదివి, ఏ లైను మీద ఏ కిలోమీటరు దగ్గర ఉన్నదీ తెలుసుకుంటుంది. తర్వాతి ట్యాగు వచ్చేదాకా చక్రం తిరిగిన లెక్కను బట్టి దూరం కొలుస్తుంది. ఈ స్థానాన్ని రేడియో ద్వారా స్టేషన్‌లోని కవచ్ యూనిట్‌కు పంపుతుంది. ఆ యూనిట్ ఇంటర్‌లాకింగ్ నుంచి సిగ్నళ్ల రంగులూ పాయింట్ల స్థితీ తీసుకుని, ఈ రైలు ఎంత దూరం పోవచ్చో తిరిగి తెలుపుతుంది. ఇందుకోసం స్టేషన్ల దగ్గర ఎత్తైన రేడియో టవర్లు నిలబెడతారు.

ఇంజన్‌లోని కంప్యూటరు తన వేగం, రైలు రకం, దారి వాలు లెక్కలోకి తీసుకుని, అనుమతించిన చోట ఆగాలంటే ప్రతి క్షణం ఎంత వేగం మించకూడదో గణిస్తూ ఉంటుంది. ఇది బ్రేకింగ్ వక్రరేఖ. లోకో పైలట్ ముందున్న తెరపై రాబోయే సిగ్నల్ రంగు, దాని దూరం, అనుమతించిన వేగం కనిపిస్తాయి. మంచులో సిగ్నల్ స్తంభం కనబడకున్నా రంగు తెలుస్తుంది. వేగం గీత దాటితే మొదట హెచ్చరిక వస్తుంది. అయినా తగ్గకపోతే మామూలు బ్రేకు, తర్వాత పూర్తి బ్రేకు, చివరికి అత్యవసర బ్రేకు పడతాయి. లోకో పైలట్ సరిగా నడుపుతున్నంతసేపూ కవచ్ జోక్యం చేసుకోదు.

ఇవి కాక, లెవెల్ క్రాసింగ్ దగ్గరికి వచ్చినప్పుడు హారన్ తనంతట మోగుతుంది. లోకో పైలట్ గానీ స్టేషన్ మాస్టర్ గానీ ఎస్‌ఓఎస్ మీట నొక్కితే ఆ పరిసరాల్లోని కవచ్ రైళ్లన్నీ ఆగుతాయి.

2022 మార్చి 4 ప్రదర్శన. శంకర్‌పల్లికి ఆవల, వికారాబాద్ వైపున ఉన్న గుల్లగూడ – చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే లైను మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, రెండోదానిలో రైల్వే బోర్డు ఛైర్మన్ వి.కె. త్రిపాఠీ ఉన్నారు. కవచ్ తనంతట బ్రేకు వేసి, ఎదుటి ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలోనే ఇంజన్‌ను నిలిపింది. ఎర్ర సిగ్నల్‌ను దాటించే ప్రయత్నం చేసినా ఇంజన్ దాన్ని దాటలేదు. లూప్ లైనులోకి 60 కి.మీ. వేగంతో వస్తుంటే వేగాన్ని 30కి తగ్గించింది. గేటు దగ్గర హారన్ మోగింది. ఈ పరీక్షల్లో సిబ్బంది బ్రేకును గానీ హారన్‌ను గానీ చేతితో తాకలేదు.

విస్తరణ. వాడి – వికారాబాద్ – సనత్‌నగర్, వికారాబాద్ – బీదర్ మార్గాలు 265 కి.మీ., మన్మాడ్ – ముద్ఖేడ్ – నిజామాబాద్ – సీతాఫల్‌మండి – కర్నూలు – గుంతకల్ 959 కి.మీ., బీదర్ – పర్భణీ 241 కి.మీ. కలిపి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కి.మీ. మేర తొలి దశ పూర్తయింది. పెద్ద యార్డుల అవసరాలు, స్థాన కచ్చితత్వం, ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌తో నేరు అనుసంధానం వంటి మెరుగుదలలతో కవచ్ 4.0 ప్రమాణాలను ఆర్‌డీఎస్‌ఓ 2024 జులై 16న ఆమోదించింది. 2025 జులైలో ఢిల్లీ – ముంబై మార్గంలోని మథుర – కోటా భాగంలో ఇది అమల్లోకి వచ్చింది. రైల్వే శాఖ ప్రకటించిన అంచనా ప్రకారం స్టేషన్లు, పట్టాల వెంబడి పరికరాలకు కిలోమీటరుకు దాదాపు 50 లక్షల రూపాయలు, ఒక్కో ఇంజన్‌కు 80 లక్షలు ఖర్చవుతుంది.

మెట్రో పద్ధతి

మియాపూర్ నుంచి నడిచే హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో ప్రారంభమైంది. అందులో థేల్స్ సంస్థ సరఫరా చేసిన రేడియో ఆధారిత నియంత్రణ వాడుతున్నారు. ఇక్కడ స్థిరమైన బ్లాక్ ముక్కలకు బదులు, ముందున్న రైలు కదిలే కొద్దీ వెనుక రైలుకు అనుమతించే దూరం కూడా కదులుతుంది. ఒకే రకం రైళ్లు, ఒకే యజమాని, ఎవరూ అడ్డు రాని లైను కావడం వల్ల ఇది సాధ్యం. రాజధానీ, ప్యాసింజరు, సిమెంటు గూడ్సు ఒకే పట్టా మీద నడిచే లింగంపల్లి లైనుకు దీన్ని యథాతథంగా తేలేరు.

తెలుగు ప్రాంతంలో జరిగిన ఢీలు

2012 మే 22 తెల్లవారుజామున అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ స్టేషన్‌లో ఆగి ఉన్న గూడ్సును హంపీ ఎక్స్‌ప్రెస్ వెనుక నుంచి ఢీకొంది. పాతిక మంది దాకా చనిపోయారు. 2019 నవంబరు 11న కాచిగూడ స్టేషన్ దగ్గర లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్ రైలు, లోపలికి వస్తున్న హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొంది. వేగం తక్కువ కావడం వల్ల ప్రాణనష్టం పెరగలేదు. క్యాబిన్‌లో గంటల తరబడి చిక్కుకున్న ఎంఎంటీఎస్ లోకో పైలట్ తర్వాత ఆసుపత్రిలో మరణించాడు. 2023 అక్టోబరు 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి – అలమండ మధ్య ఆటోమేటిక్ సిగ్నలింగ్ లైను మీద విశాఖపట్నం – పలాస ప్యాసింజరును వెనుక నుంచి విశాఖపట్నం – రాయగడ ప్యాసింజరు ఢీకొని 14 మంది చనిపోయారు. ఆ రోజు అక్కడ లోపంతో ఉన్న రెండు ఆటోమేటిక్ సిగ్నళ్లను వెనుక రైలు నిబంధనల ప్రకారం ఆగకుండా దాటిందని ప్రాథమిక విచారణ పేర్కొంది. ఆ మార్గంలో అప్పటికి కవచ్ లేదు.

ఇలాంటి ప్రమాదాలపై విచారణ జరిపే రైల్వే భద్రతా కమిషన్ రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తుంది. రైళ్లు నడిపేవారే తమ తప్పులను తామే తేల్చుకోకూడదన్నది ఈ అమరిక ఉద్దేశం. మరణించిన లోకో పైలట్ తన మాట చెప్పలేడు. కాబట్టి ఇంజన్ రికార్డరు, సిగ్నల్ డేటా లాగర్ సాక్ష్యాలను విచారణలో చాలా శ్రద్ధగా చూడవలసి ఉంటుంది.

పరిమితులు

కవచ్ ఉన్న రైలు కవచ్ ఉన్న లైను మీద నడిస్తేనే రక్షణ పూర్తిగా అందుతుంది. పరికరం లేని ఇంజన్‌ను అది ఆపలేదు. అందువల్ల మార్గం పొడవు ఒక్కటే లెక్క చూపితే సరిపోదు, ఆ మార్గంలో తిరిగే ఇంజన్లలో ఎన్నింటికి పరికరం ఉందో కూడా చూడాలి. దూరప్రాంతాల నుంచి వచ్చే గూడ్సు ఇంజన్లకు ఇది మరింత వర్తిస్తుంది.

కవచ్ తన సమాచారాన్ని ఇంటర్‌లాకింగ్ నుంచి తీసుకుంటుంది. ఇంటర్‌లాకింగ్ తీగలు తప్పుగా కలిస్తే, లేని దారిని ఉన్నట్టే కవచ్‌కు కూడా చెబుతాయి. పాయింట్ నిజ స్థితిని నేరుగా, విడిగా పోల్చి చూసే ఏర్పాట్లు అదనంగా అవసరమయ్యేది ఇందుకే. పక్క లైనులో అప్పుడే పట్టాలు తప్పి అడ్డంగా పడిన పెట్టె గురించి ఎవరైనా ఎస్‌ఓఎస్ నొక్కేదాకా దీనికి తెలియదు. పట్టా మీది పశువు గురించి, జారిపడిన బండరాయి గురించి కూడా తెలియదు. రేడియో అందని లోయలు, సొరంగాల్లో అదనపు టవర్లు కావాలి. తడి పట్టాల మీద చక్రం జారితే దూరపు లెక్కలో వచ్చే తేడా తర్వాతి ట్యాగు దగ్గర సరిపోతుంది. అందుకని ట్రాక్ పనుల్లో ఊడిన ట్యాగును పని ముగియగానే తిరిగి బిగించాలి. స్లీపర్లు మార్చే ట్రాక్ మెయింటెయినర్లకూ ట్యాగులు చూసుకునే సిగ్నల్ సిబ్బందికీ మధ్య సమన్వయం లింగంపల్లి – వికారాబాద్ లాంటి రద్దీ మార్గంలో రోజువారీ అవసరం.